గ్రూపులో పెట్టాం కదండీ



ఈ మధ్య మన వైపు విచారణల్లో ఒక మాట బాగా అలవాటైపోయింది. పూజ వేళ మారిందని ఫలానా మామ్మగారికి చెప్పారా అని అడగండి, "గ్రూపులో పెట్టాం కదండీ" అంటారు. మృత సంస్కారం మధ్యాహ్నం కాదు ఉదయమే అని ఆ వీధిలో వాళ్ళకి తెలుసా అని అడిగినా అదే జవాబు. తపస్కాలంలో సిలువ మార్గం ఏ ఇంటి దగ్గరో ఉపదేశి గారిని అడిగినా, ఆయన జేబులోంచి ఫోను తీసి చూపిస్తున్నారు. ఈ మాట మీద నాకు కోపం ఉంది. ఎందుకో వివరంగా రాస్తాను. నొచ్చుకునేవారు నొచ్చుకోవచ్చు గానీ, చివరిదాకా చదివి నొచ్చుకోండి.

"ఫాదర్ గారూ, ఇది మీరు రాసేదీ ఫోనులోకే, మేము చదివేదీ ఫోనులోనే కదా" అని కుర్రాళ్ళు అంటారని తెలుసు. అవును. నేను ఫోనుకి విరోధిని కాను. శ్రీసభా కాదు. 1931 ఫిబ్రవరి 12న పదకొండవ పయస్ పాపు గారు మార్కోనీ చేత కట్టించిన వాటికన్ రేడియోలో మాట్లాడారు. అప్పటికి మన ఊళ్ళల్లో కరెంటు దీపమే వింత. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సమాచార సాధనాల మీద ప్రత్యేకంగా ఒక పత్రమే వెలువరించింది. 1967 నుంచి ప్రతి ఏటా ప్రపంచ సమాచార దినం జరుపుకుంటున్నాం. 2010లో బెనెడిక్ట్ పాపు గారు ఆ దినపు సందేశాన్ని గురువులకే రాశారు, డిజిటల్ లోకంలో గురువు సేవ ఎలా ఉండాలని. 2012 డిసెంబరు 12న ఆయనే ట్విట్టర్‌లో తొలి మాట పెట్టారు. కాబట్టి "పోపు గారే పెడుతుంటే మనకేంటి" అనే వాదన నా దగ్గర కొత్తగా ఎత్తక్కర్లేదు, నేనే ఎత్తేశాను.

ఫోను వల్ల జరిగిన మేలు కూడా దాచను. మన కోనసీమ ఇళ్ళల్లో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఒకరు లేని వీధి తక్కువ. పరాయి ఇంట్లో వంట చేసి, గిన్నెలు తోమి, రాత్రి పన్నెండింటికి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని మన గుడి పాట వినే తల్లి ఉంది. ఆవిడకి ఆ ఫోనే గుడి వాకిలి. 2020లో లాక్‌డౌన్ పెట్టి గుళ్ళన్నీ మూసినప్పుడు, మార్చి 27 సాయంత్రం ఫ్రాన్సిస్ పాపు గారు వానలో, మనిషన్నవాడు లేని పేతురు దేవాలయ ప్రాంగణంలో ఒక్కరే నిలబడి దీవించినప్పుడు, దాన్ని మనం చూసింది టీవీలోనూ ఫోనులోనే. దివ్యవాణి టీవీ మంచం మీద ఉన్నవారి గదిలోకి పూజను తీసుకువచ్చింది. వరదలొస్తే లంక గ్రామాలకి ముందు కబురు అందేదీ ఫోనులోనే. దూరాన ఉన్నవాళ్ళకీ కదలలేనివాళ్ళకీ ఫోను దేవుడిచ్చిన సాధనమే, అందులో నాకు తగాదా లేదు. తగాదా అంతా దగ్గరున్నవాళ్ళ గురించి. మూడు ఇళ్ళ అవతల ఉన్న మనిషికి మెసేజి పెట్టి, చెప్పేశాం అనుకోవడం గురించి.

పెట్టడం వేరు, అందడం వేరు. కాపరి పని పెట్టడంతో అయిపోదు, అందిందా లేదా చూసుకోవడంతో మొదలవుతుంది.

మన జిల్లాలోనే ఒక విచారణలో జరిగింది చెబుతాను. ఊరు పేరూ మనుషుల పేర్లూ రాయను, అక్కడివాళ్ళు ఇప్పటికే చాలా బాధపడ్డారు. ఒక పెద్దాయనకి రాత్రి పదిన్నరప్పుడు ఆయాసం ముదిరింది. కొడుకు విచారణ గ్రూపులో పెట్టాడు: నాన్నగారికి సీరియస్‌గా ఉంది, ఫాదర్ గారు రావాలి, అందరూ ప్రార్థించండి అని. తెల్లారేసరికి దాని కింద అరవై పైచిలుకు చేతులు జోడించిన బొమ్మలు ఉన్నాయి. మధ్యలో ఎవరిదో పుట్టినరోజు కేకు, రెండు గుడ్‌నైట్ వచనాలు, ఒక పాట వీడియో. ఫాదర్ గారు నాలుగింటికి ప్రార్థనకి లేచి ఫోను చూసి పరుగెత్తారు. పెద్దాయన రెండింటికే కన్నుమూశారు. అవస్థాభ్యంగనం లేదు, సత్ప్రసాదం లేదు. ఫాదర్ గారి బంగ్లాకీ ఆ ఇంటికీ సైకిలు మీద పది నిమిషాలు.

ఆ అరవై మందిలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి ఒక్కరూ "ఫాదర్ గారికి ఎవరో చెప్పే ఉంటారు" అనుకున్నారు. చేతులు జోడించిన బొమ్మ నొక్కగానే తమ వంతు అయిపోయిందని మనసు ఊరుకుంది. అదే ఈ రోగం. పూర్వం ఆ కొడుకు పక్కింటి తలుపు తట్టేవాడు. పక్కింటాయన లుంగీ బిగించి సైకిలెక్కేవాడు. కబురు ఒక మనిషి మీద పడితే ఆ మనిషి పరుగెత్తుతాడు. రెండు వందల మంది మీద ఒకేసారి పడితే అది ఎవరి మీదా పడదు.

అందుకే మన విచారణకి చెబుతున్నాను. అవస్థలో ఉన్నవారి కోసం గ్రూపులో పెట్టకండి. ఫోను మోగించండి. రాత్రి ఎంతయినా సరే, నేను ఎత్తేదాకా మోగించండి. ఎత్తకపోతే ఉపదేశి గారికి చేయండి, ఆయనా ఎత్తకపోతే వచ్చి తలుపు కొట్టండి. ప్రార్థన చేయమని గ్రూపులో రాయడం ఆ తరువాతి పని.

ఇక ఫోను లేనివాళ్ళ సంగతి. మన రాయవరం మండలంలో టచ్ ఫోను అందరికీ ఉందని కుర్రాళ్ళు అంటారు. ఇంటికి ఒకటి ఉండొచ్చు. అది ఎవరి చేతిలో ఉంటుంది? కొడుకు చేతిలో ఉంటుంది, వాడు మండపేటలోనో కాకినాడలోనో పనిలో ఉంటాడు. ఇంట్లో ఉన్న తల్లి చేతిలో బటన్ల ఫోను, అందులో కూడా రీచార్జి ఉన్న రోజులు కొన్నే. గుడికి క్రమంగా వచ్చేది ఆవిడ. జపమాల తప్పనిది ఆవిడ. మనం కబురు పెట్టింది వాడికి, వాడు పండుగకీ పబ్బానికీ వస్తాడు. పూజ ఆరున్నరకి మారిందని తెలియక ఎనిమిదింటికి వచ్చి, తాళం వేసిన గుడి మెట్ల మీద కూర్చుని జపమాల చెప్పుకుని వెళ్ళిపోయే ముసలావిడని మీరెవరైనా చూశారా? ఆవిడ ఎవరినీ నిందించదు. "నాకు తెలీదు బాబూ" అంటుంది అంతే. నిందించనివాళ్ళ పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఇలా జరగడం ఇది మొదటిసారి కూడా కాదు. రేడియో వేరితాస్ ఏషియా తెలుగు ప్రసారాలు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. మనీలా నుంచి షార్ట్‌వేవ్‌లో, గరగరమంటూ, ఒకసారి దగ్గరికొచ్చి ఒకసారి దూరమైపోతూ వినిపించేవి. 2018 జూన్ 30తో ఆ షార్ట్‌వేవ్ ఆగిపోయింది. ఇంటర్నెట్‌లో వస్తుంది, ఇంకా స్పష్టంగా వస్తుంది అన్నారు. నిజమే, స్పష్టంగానే వస్తోంది. అయితే ట్రాన్సిస్టర్ తప్ప ఇంకేమీ లేని తాతగారికి ఆ స్పష్టత ఎక్కడిది? ఖర్చులు, వినేవాళ్ళ అలవాట్లు మారడం, అవన్నీ నాకు అర్థమవుతాయి, ఆ నిర్ణయాన్ని తప్పుబట్టను. సాధనం మారిన ప్రతిసారీ కొంతమంది ఒడ్డునే మిగిలిపోతారు, వాళ్ళని లెక్కపెట్టేవాడు ఒకడు ఉండాలి అంటున్నాను. మన తెలుగు నేల మీద ఆ లెక్కపెట్టే పని ఉపదేశులది. ఊరూరా విశ్వాసం నిలిచింది వాళ్ళ కాళ్ళ మీదే. నెలకోసారి గురువు వచ్చే రోజుల్లో కూడా ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరు మంచం పట్టారో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఉపదేశి నోటికి చెప్పేవాడు. అది ఏ ఫోనులోనూ దొరకదు.

2022 మే నెల మనవాళ్ళెవరూ మరచిపోలేదు. 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ జరిగింది, మంత్రి గారి ఇల్లు, ఎమ్మెల్యే గారి ఇల్లు తగలబెట్టారు. ఆ వెంటనే కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. జూన్ నెల వచ్చేదాకా, కొన్ని మండలాల్లో ఆ తరువాత కూడా రాలేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ గోదావరి గట్ల దాకా వెళ్ళారు. ఆ మే 29 ఆదివారం ఏమిటో తెలుసా? మోక్షారోహణ పండుగ, ప్రపంచ సమాచార దినం కూడా. ఆ ఏడాది ఫ్రాన్సిస్ పాపు గారు ఎంచుకున్న అంశం, హృదయమనే చెవితో వినడం. లోకమంతా ఆ సందేశం ఫోనుల్లో పంచుకుంటున్న రోజున మన జిల్లాలో చాలామంది ఫోనుల్లో ఏమీ రావడం లేదు. దేవుడు చమత్కారి అని నేను ఊరికే అనను.

అంతకు ముందు ఫోనుల్లో ఏం వచ్చాయో కూడా గుర్తు తెచ్చుకోండి. ఏ కులం వాడు ఏ కులం వాడిని ఏమన్నాడో, నిజమో అబద్ధమో తెలియని మాటలు. పొద్దున "యేసయ్య ప్రేమ" స్టేటస్ పెట్టిన వేలే మధ్యాహ్నం వాటిని ముందుకు నెట్టింది. గ్రూపు కబుర్ల మీదే బతికే విచారణ ఇంటర్నెట్ పోయిన రోజున మూగదైపోతుంది, ఉన్న రోజున ఎవరి మాటనైనా మోసుకుపోతుంది. గంటకి సిగ్నల్ అక్కర్లేదు. తలుపు తట్టే చేతికి డేటా అక్కర్లేదు. ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ ఆ మాటలు చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

పాపసంకీర్తనం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అడుగుతున్నారు. "ఫాదర్ గారూ, గుడికి రావడానికి మొహమాటంగా ఉంది, మెసేజిలో రాస్తాను, క్షమాపణ ఇవ్వండి" అని. ఇది కొత్త ప్రశ్న అనుకుంటున్నారు. నాలుగు వందల ఏళ్ళ పాతది. దగ్గర లేని గురువుకి ఉత్తరంలో పాపాలు రాసి, ఉత్తరంలోనే క్షమాపణ పొందవచ్చా అని అప్పట్లో కొందరు వాదించారు. 1602 జూన్ 20న ఎనిమిదవ క్లెమెంట్ పాపు గారు ఆ వాదాన్ని ఖండించారు. ఉత్తరం మారి ఫోనయింది, జవాబు మారలేదు. 2011లో అమెరికాలో పాపసంకీర్తనానికి సిద్ధపడటానికి ఒక ఫోను యాప్ వస్తే, ఒక పీఠాధిపతి గారు అనుమతి ముద్ర కూడా ఇచ్చారు. ఫోనులోనే పాపసంకీర్తనం చేసేయొచ్చట అని పేపర్లన్నీ రాసేసరికి, అది సిద్ధపడటానికే, సంస్కారానికి గురువు ఎదుటికి రావలసిందేనని వాటికన్ ప్రతినిధి చెప్పవలసి వచ్చింది. ఇంటర్నెట్ మీద దివ్యసంస్కారాలు లేవని శ్రీసభ 2002లోనే రాసిపెట్టింది.

వేదాంతం పక్కన పెట్టి ఇంటి సంగతి చూడండి. నా చెవిలో మీరు చెప్పింది నాతోనే మట్టిలో కలుస్తుంది. ఫోనులో రాసింది? మీ ఫోను తాళం మీ మనవడికి తెలుసు. అద్దం పగిలితే బజారులో షాపువాడి చేతిలో పెట్టి రెండు రోజులు వదిలేసి వస్తారు. నొక్కబోయింది నాకు, వెళ్ళింది మహిళా సంఘం గ్రూపుకి, అలాంటివి జరగలేదా మన మధ్య? పాపసంకీర్తన రహస్యం కోసం ప్రాణాలు వదిలిన గురువులున్న శ్రీసభ మనది. ఆ రహస్యాన్ని తీసుకెళ్ళి ఫోనుకి అప్పగిస్తామా?

దీనికి చుట్టమే ప్రార్థన విన్నపాల గొడవ. "ఫలానా వారి అమ్మాయి కాపురం సరిగా లేదు, ప్రార్థించండి." ఇది ప్రార్థన కాదు తల్లీ, పుకారుకి ముసుగు వేసి గుళ్ళోకి తెచ్చావు. ఆసుపత్రి మంచం మీద ముక్కులో గొట్టంతో ఉన్న మనిషిని ఫొటో తీసి పెట్టడం ఇంకొకటి. ఆయన తేరుకున్నాక ఆ ఫొటో చూస్తే ఏమంటాడో ఒక్కసారి ఆలోచించారా? పదకొండు మందికి పంపితే మేలు, పంపకపోతే కీడు అంటూ మరియమాత పేరునో పునీత అంతోని వారి పేరునో తిరిగేవాటి గురించి ఎక్కువ రాయను. అవి మూఢనమ్మకం. వచ్చిన చోటే చెరిపేయండి, కీడు జరిగితే నా పేరు చెప్పండి.

"పునీత పౌలు గారు ఈ రోజుల్లో ఉంటే వాట్సాప్ వాడేవారు" అని మా గురువుల్లోనే కొందరు ప్రసంగాల్లో అంటుంటారు. వాడేవారేమో. అయితే ఆయన ఉత్తరం ఎలా వెళ్ళిందో కూడా చెప్పాలి కదా. రోమీయులకు రాసిన లేఖ కెంక్రేయ సంఘానికి చెందిన ఫోయిబే అనే స్త్రీ చేతి మీదుగా వెళ్ళిందని పండితులు చెబుతారు. సముద్రం దాటి ఒక మనిషి ఆ ఉత్తరాన్ని మోసుకెళ్ళింది. ఆవిడని ఆదరించండి, ఆవిడకి కావలసింది చూడండి అని పౌలు అదే ఉత్తరంలో రాశారు. అక్కడ సంఘమంతా చేరితే చదివి వినిపించారు. అర్థం కానిది అడగడానికి ఎదురుగా ఫోయిబే ఉంది. ఉత్తరాల పక్షాన మాట్లాడేవాళ్ళు పునీత యోహాను రెండవ లేఖ చివర కూడా చూడాలి. రాయవలసింది ఇంకా చాలా ఉన్నా, కాగితం సిరాలతో కానివ్వడం ఇష్టం లేదని, వచ్చి ముఖాముఖి మాట్లాడతాననీ, అప్పుడే సంతోషం నిండుగా ఉంటుందనీ ఆయన అక్కడితో ఆపేశారు. లేఖలో పదమూడు వచనాలే ఉన్నాయి.

ఫోనుని కాపరి ఎలా వాడాలో ఈ కాలంలో ఎవరైనా చూపించారా అంటే, ఫ్రాన్సిస్ పాపు గారు చూపించారు. 2023 అక్టోబరులో గాజాలో యుద్ధం మొదలైన దగ్గర్నుంచి, అక్కడున్న ఒకే ఒక్క కతోలిక విచారణకి, పవిత్ర కుటుంబ దేవాలయానికి, దాదాపు ప్రతి సాయంత్రం ఆయనే ఫోను చేసేవారు. ఆ గుడిలో తలదాచుకున్నవాళ్ళని ఎలా ఉన్నారు, ఈ రోజు ఏం తిన్నారు అని అడిగేవారు. జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా చేశారు. చివరిసారి 2025 ఏప్రిల్ 19న చేశారు, 21న పరమపదించారు. లోకమంతటికీ ఒకే మాట చేర్చగలిగిన సాధనాలన్నీ చేతిలో ఉన్న మనిషి, ఒక్క విచారణకి ఫోను మోగించి అన్నం తిన్నారా అని అడిగారు. ఫోను వాడటమంటే అదీ. మన గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వు మీది వచనాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

నాతోటి గురువులకి ఒక మాట, చనువుకొద్దీ. మనకీ ఇది సుఖంగానే ఉంది. ఇల్లిల్లూ తిరిగితే ఎండ, కుక్కలు, తగాదాలు, ఒక్కో ఇంట్లో గంటసేపు కన్నీళ్ళు. గదిలో కూర్చుని రెండు నిమిషాల వీడియో చేసి పెడితే నాలుగు వందల మంది చూశారని అంకె కనిపిస్తుంది. ఆ అంకె మనల్ని మోసం చేస్తుంది. చూసినవాళ్ళలో నలుగురు ఏడుస్తూ చూశారేమో, అది అంకెలో కనపడదు.

ఇంకొక్క సంగతి. గ్రూపులోంచి ఎవరైనా వెళ్ళిపోతే అడ్మిన్‌లకి చిన్న అక్షరాల్లో ఒక వరుస కనిపిస్తుంది, ఫలానావారు లెఫ్ట్ అయ్యారని. మనం దాన్ని దాటుకుని కింద మెసేజికి వెళ్ళిపోతాం. తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్క గొర్రె కోసం వెళ్ళిన కాపరి కథని ప్రసంగంలో చెబుతాం, ఆ వరుసని మాత్రం చదవం. ఎందుకు వెళ్ళిపోయారు? ఎవరైనా వాళ్ళని ఏమైనా అన్నారా? డేటా అయిపోయిందా, మనసు విరిగిందా, పక్క సంఘంలో చేరారా? ఈ ఏడాది మన గ్రూపులోంచి వెళ్ళిపోయినవారి పేర్లు రాసి ఇమ్మని అడ్మిన్‌గా ఉన్న తమ్ముణ్ణి అడిగాను. పదకొండు మంది ఉన్నారు. నలుగురి ఇళ్ళకి వెళ్ళాను. మిగిలిన ఏడు ఇళ్ళకీ ఈ నెలలో వెళతాను, నాతో రాగలిగినవారు చెప్పండి.

వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఎవరూ తొందరగా వెళ్ళిపోకండి. ప్రతి వీధి నుంచీ ఇద్దరు కావాలి. టచ్ ఫోను లేని ఇళ్ళు, ఉన్నా చూడలేని పెద్దవాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు ఎవరెవరో కూర్చుని రాద్దాం. ప్రతి పేరు పక్కన, కబురు తీసుకెళ్ళే మనిషి పేరు కూడా రాద్దాం. గీతల నోటుపుస్తకం ఒకటి కొన్నాను. ఆ జాబితా అందులోనే ఉంటుంది, దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దు. ఈ ఆదివారం సంగతి కూడా ఈ వ్యాసం చదవలేనివాళ్ళకి తెలియదు. మీ పక్కింటి వాళ్ళకి మీరు వెళ్ళి చెప్పండి.